ఈల పన్ను

చీమకుర్తిలో నా క్లినిక్ కింద టైర్ల కొట్టు.
పైన నేను, ఒక కుర్చీ, ఒక కంప్రెసర్.
"మా కంప్రెసర్‌కి మనవరాల్లాగుండాది" అన్నాడు మాలకొండయ్య
చెప్పులు గుమ్మం బయట విడిచి,
తలగుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకుని.

క్వారీలో గొట్టం ఊడి మూతిమీద కొట్టింది.
ముందు పన్ను చిగురు దాకా విరిగింది.
మిగిలినవాటి మీద కనిగిరి నీళ్ళ చారలు.
చిన్నప్పుడు తాగిన బోరు
ఇంకా నోట్లోనే ఉంది, గోధుమరంగులో.

"అందానికి గాదమ్మా.
మందు పేల్చే ముందు ఈలేసేది నేను.
సైరన్ ఉండాది గానీ, దానికి కరెంటు గావాల.
ఇప్పుడు ఊదితే ఉత్త గాలే పోతాంది.
నిన్న ఒక కుర్రోడు గుంతలోనే నిలబడి నవ్వినాడు."

నరం పోయినసారే తీసేశాను.
వేరులో నింపిన గులాబీరంగు మైనాన్ని
ఇవాళ పైనుంచి తవ్వుతున్నాను,
అడుగున ఐదు మిల్లీమీటర్లు వదిలి.
అది ముట్టుకోకూడదు.
ఆ మూత కదిలితే కింద మళ్ళీ చీము ఊరుతుంది.

ఉమ్మేసే సందు దొరగ్గానే అడిగాడు:
"బెజ్జంలో దుమ్ము ఊదేసినావామ్మా?
దుమ్ముంటే మాకు పౌడరు పనిచెయ్యదు."
వరసగా బెజ్జాలేసి, నీళ్ళలో కలిపిన పౌడరు పోసి
రాత్రికి వదిలేసి పోతారట.
తెల్లారేసరికి అది లోపల ఉబ్బి
ఇల్లంత రాయి గీసిన గీత మీదే విచ్చుకుంటుందట.
"మా సిమెంటు చీల్చేది. నీది పట్టుకునేదా?
రెండూ బెజ్జంలోనే గదా పోసేది!"

నవ్వాను గానీ, మాస్కు వెనక
పొదిలి హనుమాయమ్మ టీచరు గుర్తొచ్చింది.
నా మొదటి సంవత్సరం. స్టీలు కడ్డీ బిగించి
ఎంత గట్టిగా ఉందో అని మురిసిపోయాను.
ఎనిమిది నెలలకి వచ్చింది.
కడ్డీ చెక్కు చెదరలేదు.
వేరు నిలువునా రెండయింది.
ఆ ముక్కలు ఇంకా నా సొరుగులో ఉన్నాయి,
దూది పొట్లంలో.

ఇది గాజునారల పోచ.
దీపానికెదురుగా పెడితే కొస మిణుకుమంటుంది.
పన్ను వంగినంత ఇదీ వంగుతుంది.
అది కంటికి కనపడే వంపు కాదు, వేరుకి తెలుస్తుంది.

కడిగాను. సన్నటి కాగితపు వత్తులు దించి తుడిచాను.
మొదటిది తడి. రెండోది తడి.
మూడోది పొడిగా వచ్చింది, అక్కడ ఆగాలి.
మరీ ఎండగడితే లోపలి పొర జిగురు తాగదు,
చెమ్మ మిగిలితే అసలే అంటదు.
సిమెంటు అడుగునుంచి నింపుకుంటూ పైకి రావాలి.
గాలిబుడగ ఒక్కటి చిక్కినా
ఎప్పుడో చెరుకు ముక్క కొరికిన రోజున
పోచ చేతికొస్తుంది.

నీలి దీపం పెట్టాను. నలభై సెకన్లు.
పైన బిగిసింది.
ఆ వెలుతురు వేరు అడుగు దాకా పోదు.
కింది సిమెంటు తనంతట తను, చీకట్లో,
రెండు పాళ్ళు కలిసిన నిమిషం నుంచి లెక్క పెట్టుకుంటూ
గట్టిపడాలి. నేను చూడలేను.
పోచని వేలితో అదిమి పట్టుకుని
గోడ గడియారం వైపు చూస్తాను, అంతే.

పైన పన్ను కట్టి తెల్లరంగు తీయబోతే
నా మణికట్టు మీద చెయ్యేశాడు.
"తెల్లంగా వద్దు. చారలెయ్యి, పక్కోళ్ళకి మల్లే."
గోధుమరంగు గీత ఒకటి, కొంచెం వంకరగా, వేశాను.
అద్దంలో చాలాసేపు చూసుకున్నాడు.

"ఒక రోజంతా దాంతో కొరకొద్దు."
"ఈల?"
నేను చదివిన పుస్తకాల్లో ఆ సంగతి లేదు.
"రేపు," అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం, మందు పేలే వేళకి
గ్లాసులో నీళ్ళు వణక్కముందే
కిటికీ తెరిచి నిలబడ్డాను.
కింద ఎవరి బండికో గాలి కొడుతున్నారు.
బ్లాకు లారీ ఒకటి గేరు మార్చుకుంటూ పోయింది.
ఆ సందులో సన్నగా ఏదో వినిపించింది,
ఈలో, టైరులోంచి జారిన గాలో.

గ్లాసు వణికింది.